ఎనిమిది పేర్ల ఓటర్ల జాబితా

మస్కట్‌లో, వాడి కబీర్‌లో మేం పదకొండేళ్ళు ఉన్న భవనాన్ని కూలగొట్టాలా, బాగుచేసుకోవాలా అన్నది తేల్చడానికి ఈమధ్య మా ఆఫీసు నన్నే పంపించింది. నేను అల్ ఖువైర్‌లో ఒక ఇంజనీరింగ్ సలహా సంస్థలో పనిచేస్తాను. నీటి గొట్టాలు, పంపులు, ట్యాంకుల లెక్కలు నా పని. ఫైలు మీద ప్లాటు నంబరు ఒక్కటే ఉండడం వల్ల అక్కడికి చేరి కారు దిగేదాకా అది మా ఇల్లని నాకు తెలియలేదు. చేతిలో పరిశీలన పట్టిక ఉంది కాబట్టి దాని ప్రకారమే నడిచాను. నేల కింది తొట్టి పగిలింది. పంపు గది తలుపు లేదు. నిలువు గొట్టాలు మూడింట రెండు తుప్పు పట్టాయి. డాబా మీద ట్యాంకు దిమ్మెలు మిగిలాయి, ట్యాంకు లేదు. ఇవన్నీ రాసుకున్నాక పట్టికలో నింపాల్సిన గళ్ళు అయిపోయాయి. కానీ నేను వెంటనే కిందికి దిగలేకపోయాను. ఆ డాబా మీద మా నాయన ఒక ఎన్నికలో ఓడిపోయాడు. ఆ ఎన్నిక నడిపింది నేనే.

అప్పుడు నేను పదో తరగతి. నాయన ఆ వీధి చివర వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. ఆయన ఇంట్లోకి వస్తే ముందు వార్నిష్ వాసన వచ్చేది, తరువాత ఆయన వచ్చేవాడు. ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న అలవాట్లు ఏవీ ఆయన మార్చుకోలేదు. సాయంత్రం బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేయాల్సిందే, దాని మీదికి మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. అమ్మ రోజు నీళ్ళతో మొదలై నీళ్ళతో ముగిసేది. ముందు తాగే బిందె, తరువాత వంటకు రెండు స్టీలు గిన్నెలు, తరువాత స్నానాల గదిలో నీలం డ్రమ్ము, ఆఖరున బట్టల టబ్బు. ఈ వరస ఎప్పుడూ తప్పేది కాదు. ఆ ఎండాకాలం మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, మూడు నెలల వీసా మీద మమ్మల్ని చూడడానికి వచ్చింది. మాది దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ. దూది ఏకే పని నాయన తరానికి పోయినా జేజి చేతులకు పోలేదు. వచ్చిన వారంలోనే మా దిండ్లన్నీ విప్పి, దూదిని డాబా మీద ఎండబెట్టి, సన్నటి బెత్తంతో కొట్టి మళ్ళీ కుట్టింది. మస్కట్ ఎండకు మగ్గిన ఆ దూది వాసన ఎలా ఉండేదో నేను ఏ రిపోర్టులోనూ రాయలేను. వేడి అన్నం మూత తీసినప్పటి వాసనకు కొంచెం దగ్గరగా ఉండేదని మాత్రం చెప్పగలను.

భవనం మూడంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. మొదటి రెండు అంతస్తుల్లో ఎనిమిది కుటుంబాలు ఉండేవి. మూడో అంతస్తులో నాలుగు ఫ్లాట్లనూ ఒక కట్టడాల కంపెనీ తన పనివాళ్ళ కోసం తీసుకుంది. అందులో ముప్పై నాలుగు మంది ఉండేవారు, ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. ట్యాంకరు తెచ్చిన నీళ్ళు కింది తొట్టిలో పడతాయి. పంపు వాటిని డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. అక్కడినుంచి కింది అంతస్తులకు జోరుగా, పై అంతస్తుకు నీరసంగా దిగుతాయి. ట్యాంకు సగానికి వస్తే మూడో అంతస్తు కుళాయిలో గాలి తప్ప ఏమీ రాదు. ఆ ఎండాకాలం పంపు రెండుసార్లు కాలిపోయింది. రోజంతా నడపడం కుదరదు, పూటకు రెండు గంటలే నడపాలి అని తేలింది. ఏ రెండు గంటలు అన్నదే తగాదా.

భవనం యజమాని ఒక ముసలి ఒమానీ. మేమందరం అర్బాబు అనేవాళ్ళం. గురువారం సాయంత్రాలు చేతికర్రతో వచ్చి కింద దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరు వెళ్ళినా ఖర్జూరాలు, కావా అనే అరబ్బు కాఫీ ఇచ్చి, తనకు వచ్చిన హిందీలో కుశలం అడిగేవాడు. కానీ పంపు తగాదాకు ఒకేసారి పదిమంది చుట్టుముట్టేసరికి విసిగిపోయాడు. మీరంతా కలిసి ఒక మనిషిని ఎంచుకోండి, ఎవరెవరు ఎంచుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి, నేను ఆ మనిషితోనే మాట్లాడతాను, పంపు గది తాళంచెవి మాత్రం నా వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది అన్నాడు. ఆ కాగితం రాసే పని నాకు అప్పగించారు. నా చేతిరాత అచ్చులా ఉంటుందని భవనంలో పేరు.

సరిగ్గా ఆ నెలలోనే బళ్ళో వలసపాలన చివరి రోజుల రాజ్యాంగ సంస్కరణల పాఠం నడుస్తోంది. నేను దాన్ని నాలుగు నిలువు గళ్ళ పట్టికగా రాసుకున్నాను. ఏ చట్టం, ఎవరికి ఓటు, ఏ అధికారం ఇచ్చారు, ఏ అధికారం ఇవ్వలేదు. చట్టం తరువాత చట్టానికి రెండో గడి, మూడో గడి కొంచెం కొంచెం నిండుతూ వచ్చేవి. నాలుగో గడి మాత్రం ఏ చట్టానికీ ఖాళీ అయ్యేది కాదు. గవర్నరు కాదంటే కాదు. భూమి శిస్తో, ఇంటి పన్నో కట్టేవాడికి, చదువుకున్నవాడికి మాత్రమే ఓటు. ముస్లింలకు వేరే జాబితా, వేరే సీట్లు. ఆస్తి ఉన్నవాడికే ఓటు ఇవ్వడం ఎందుకు అన్యాయమో పరీక్షలో ఐదు అంశాలుగా రాసి ఐదు మార్కులు తెచ్చుకున్నాను. అదే వారం మా భవనానికి నియమాలు రాశాను. ఫ్లాటుకు ఒక ఓటు. అద్దె ఒప్పందం మీద ఎవరి పేరు ఉంటే వాళ్ళది. మూడో అంతస్తు ఒప్పందాలు కంపెనీ పేరు మీద ఉన్నాయి కాబట్టి అక్కడ ఓటరు లేడు. ఎనిమిది పేర్లు, ఎనిమిదీ మగవాళ్ళవి. కొలబద్ద పెట్టి గీతలు గీసి, మా ఇంటి గడప దగ్గర అంటించాను. పరీక్షలో నేను తప్పుపట్టిన నియమం, గడప దగ్గర అంటించిన నియమం ఒకటేనని నాకు తోచనే లేదు.

పోటీ ఇద్దరి మధ్య. ఒకరు నాయన. రెండోవారు రెండో అంతస్తులో ఉండే కాకినాడ రావుగారు, రూవిలో బ్యాంకు ఉద్యోగి. నాయనకు ఐదు, రావుగారికి మూడు ఓట్లు వచ్చాయి. నాయన కొత్త చొక్కా వేసుకుని అర్బాబు దగ్గరికి వెళ్ళి వేళలు ఖాయం చేసుకుని వచ్చాడు. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. బడి బస్సులకు, వంటలకు, స్నానాలకు అన్నిటికీ సరిపోయింది. ఎనిమిది ఇళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు. పనులన్నీ ఇంత శుభ్రంగా జరుగుతాయని నేను గర్వపడ్డాను.

రెండు వారాల తరువాత ఒక శుక్రవారం మూడో అంతస్తు గంగారాం మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. స్టీలు కట్టే పని. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉండేది. చేతిలో ఖాళీ నీళ్ళ క్యాను ఉంది. లోపలికి రమ్మన్నా రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు సైట్ బస్సు వస్తుందని, వాళ్ళు లేచేసరికి ట్యాంకు ఎండి ఉంటుందని, ఆరున్నరకు డ్యూటీ దిగి వచ్చేసరికి కిందివాళ్ళు వాడేసి మళ్ళీ ఎండిపోతుందని చెప్పాడు. దుకాణంలో కొన్న సీసాల నీళ్ళతో మొహం కడుక్కుని పోతున్నారట. ఒంటి మీది సిమెంటు మూడు రోజులుగా అట్లాగే ఉందట.

"అందరం ఓటేసి పెట్టుకున్న టైమే కదప్పా అది," అన్నాడు నాయన.

"అందరం అంటే ఎవలెవలే మస్తానన్నా?"

నాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది జాబితాలోని ఎనిమిది పేర్లూ చదివి వినిపించాను. గంగారాం చివరిదాకా ఓపికగా విన్నాడు.

"గిండ్ల మా పేరేది తమ్మీ?"

మీ ఒప్పందం కంపెనీ పేరు మీద ఉంది అని చెప్పాను.

"మరి తానం కంపెనీ జేస్తదా?"

నాయనకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. లోపల దిండు కుడుతున్న జేజి సూది ఆపింది. "నా పేరు గూడా లేదు కదరా అందులో," అంది. నువ్వు మూడు నెలల వీసా మీద వచ్చావు కదా జేజీ అన్నాను. "దప్పికయ్యేది మనిషికా, వీసాకా?" అని అడిగి మళ్ళీ కుట్టుకోసాగింది.

నాకు అవమానం అనిపించింది. దాంతో పాటు ఒక ఉపాయమూ తట్టింది. పాఠంలో ఉన్నదే. మూడో అంతస్తుకు వేరే జాబితా, వేరే ప్రతినిధి. కుటుంబాల మనిషి కుటుంబాల మాట చెబుతాడు, వాళ్ళ మనిషి వాళ్ళ మాట చెబుతాడు. నాయనకు ఇది బాగా నచ్చింది. ఆయన గెలిచింది ఆయనకే ఉంటుంది, ఎవరినీ కాదన్నట్టూ ఉండదు. రెండో జాబితాకు కాగితం గీయమన్నాడు. అప్పుడు జేజి, దారం పళ్ళతో తెంపి, వాళ్ళ నాయన సంగతి చెప్పింది. ఆ సంగతి అంతకుముందు నాయన కూడా విని ఉండలేదు.

జేజి చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఇంకా దొరల కాలంలోనే, వాళ్ళ ఊళ్ళో ఓట్లు వచ్చాయి. చదువురానివాళ్ళకు తెలియడం కోసం ఒక్కో మనిషికి ఒక్కో రంగు పెట్టె పెట్టారట. వాళ్ళ నాయనకు నాలుగెకరాల మెట్ట ఉంది, శిస్తు రసీదు ఉంది, కాబట్టి ఓటు ఉండాలి. కరణం ఆయన్ని ముస్లింల జాబితాలో రాశాడు. టౌనులో ముస్లిం పెద్దమనుషులు, వీడికి ఉర్దూ ముక్క రాదు, పంచె కడతాడు, పేరు హుస్సేనప్ప, వీడు మావాడెట్లా అవుతాడని అర్జీ పెట్టి కొట్టేయించారు. ఆయన మిగతావాళ్ళ జాబితాలో రాయమని అడిగాడు. నువ్వు మసీదుకు పోతావు కదా, ఇందులో ఎట్లా రాసేది అన్నారు. అయినా ఓట్ల రోజు ఆయన రసీదు తలగుడ్డలో పెట్టుకుని నడిచి వెళ్ళాడు. పొద్దు వాలేదాకా అక్కడే నిలబడి తిరిగి వచ్చాడు.

"ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చోని ఒగటే మాటన్యాడు," అంది జేజి. "శిస్తు కట్టించుకునేటప్పుడు నువ్వు ఏ లిస్టులో వాడివని ఎవురూ అడగల్యా అన్యాడు. సొతంత్రం వచ్చినాంక ఒకటే లిస్టు చేసినారు. అప్పుడేసినాడు ఓటు. నువ్వు మల్లా రెండు గీస్తాండావు."

గంగారాం ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. ఆయనకు ఆ కథ ఎంత అర్థమైందో నాకు తెలియదు, కానీ తన మాట తను చెప్పాడు.

"రెండు లిస్టులు రాస్తె మీరు మా రూముకు రారు, మేం మీ ఇంటికి రాం. ఒక్కటే రాయి తమ్మీ. మా ఓటు కావల్నంటె మెట్లెక్కి అచ్చి అడగాలె."

మరుసటి సాయంత్రం నాయన వర్క్‌షాపు నుంచి వస్తూ మా అంతస్తులో ఆగకుండా పైకి వెళ్ళాడు. అన్నేళ్ళలో ఆయన మూడో అంతస్తుకు వెళ్ళడం అదే మొదటిసారి. దిగి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. పైన ముప్పై నాలుగు బక్కెట్లు వరసగా పెట్టుకున్నారని, ఎవరిది వాళ్ళు పేరు రాసుకున్నారని, నీళ్ళు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవని అమ్మతో చెప్పాడు. మళ్ళీ ఎన్నిక పెడదామన్నాడు. అమ్మకు కోపం వచ్చింది. గెలిచిందాన్ని ఎవరైనా చేతులారా వదులుకుంటారా, ఆ ముప్పై నాలుగు మంది నీకే వేస్తారని రాసిచ్చారా అని అడిగింది.

"ఎయ్యకుంటే ఎయ్యరు," అన్నాడు నాయన.

నేను కొత్త జాబితా రాశాను. ఈసారి గీతలు గీయడానికి రెండు రోజులు పట్టింది. భవనంలో పడుకుని లేచే పెద్దవాళ్ళందరి పేర్లూ అందులోకి ఎక్కాయి. మూడో అంతస్తులో ముప్పై నాలుగు, మొదటి రెండు అంతస్తుల్లో ఆడా మగా కలిసి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదిలో జేజి పేరూ ఉంది. మొత్తం యాభై మూడు. పేర్ల కోసం తలుపు తలుపూ తట్టినప్పుడు, పదేళ్ళుగా ఫలానా వారి భార్యగానే ఎరిగిన ఆడవాళ్ళ సొంత పేర్లు మొదటిసారి విన్నాను. మొదటి అంతస్తులో ఒక కుటుంబం, బ్యాచిలర్లతో కలిపి మా పేర్లు రాస్తే ఊరుకోం అని తలుపు వేసేసింది. వాళ్ళ పేర్లు కూడా రాశాను. నువ్వే నిలబడరాదా అని నాయన గంగారాంను అడిగాడు. అర్బాబు కూర్చునే వేళకు తాను సైట్‌లో ఉంటానని, డ్యూటీ వదిలి మాట్లాడడానికి వస్తే కంపెనీ ఊరుకోదని ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి మళ్ళీ నాయన, రావుగారు.

ఆ వారం మూడో అంతస్తు మెట్లు తొక్కినంతగా కిందివాళ్ళు మరెప్పుడూ తొక్కలేదు. రావుగారు రూవి నుంచి జిలేబీ పొట్లంతో వెళ్ళారు. "చూడండి బాబూ, నన్ను గెలిపించారంటే మూడున్నరకే పంపు వేయిస్తాను, సాయంత్రం ఏడు దాకా మీ వాటా ట్యాంకులో ఉంచుతాను, ఆ పూచీ నాది," అన్నారట. నాయన చేతులు ఊపుకుంటూ వెళ్ళాడు. నాలుగింటికి అరగంట మాత్రం వేయించగలను, అంతకుమించి నడిపితే ఈ మోటారు కాలిపోతుంది, దాని వైండింగ్ నాకు తెలుసు అని చెప్పి వచ్చాడు. అరగంటలో ముప్పై నాలుగు మంది స్నానాలు చెయ్యలేరని ఎవరో అన్నారు. చెయ్యలేరని ఆయన ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక అమ్మ, ఇంకో అరగంట ఎక్కువ చెబితే నీ నోట్లోంచి ముత్యాలు రాలతాయా అంది. నేనూ లోపల అదే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున, జుమ్మా నమాజుకు ముందు, డాబా మీద ఓట్లు పెట్టాం. ట్యాంకు పక్కన తీగకు దుప్పటి కట్టి దాని వెనక రెండు బక్కెట్లు పెట్టాను. ఎరుపు నాయనది, పచ్చ రావుగారిది. ఓటుకు ఒక ఖర్జూరపు గింజ. గింజలు అర్బాబు పంపిన ఖర్జూరాలవే, కడిగి ఎండబెట్టి లెక్కపెట్టి ఉంచాను. ఒక్కొక్కరి పేరు చదివి గింజ చేతికి ఇవ్వడం నా పని. మూడో అంతస్తువాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. ఒకాయన తల దువ్వుకోలేదని మళ్ళీ కిందికి పోయి దువ్వుకుని వచ్చాడు. దుప్పటి వెనక ఒక్కొక్కరూ ఎందుకంత సేపు ఉంటున్నారో నాకు అర్థం కాలేదు. గింజ వేయడానికి ఒక్క క్షణం చాలు. జేజి అయితే లోపల కుదురుగా నిలబడి బిస్మిల్లా అనుకుని మరీ వేసింది. ముగ్గురు ఓవర్‌టైము డ్యూటీకి పోయారు, తలుపు వేసుకున్న ఇంట్లో ముగ్గురు రాలేదు. నలభై ఏడు గింజలు పడ్డాయి. అందరి ముందూ రెండుసార్లు లెక్కపెట్టాను. ఎరుపులో ఇరవై ఒకటి, పచ్చలో ఇరవై ఆరు.

నేను చదివి వినిపించగానే నాయన రావుగారి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపాడు. తరువాత నన్ను పిలిచి, దుప్పటి మడిచి లోపల పెట్టు, దుమ్ము పడుతుంది అన్నాడు. ఆయన అన్నది అంతే. మరుసటి గురువారం రావుగారు అర్బాబును కలిశారు. అర్బాబు యాభై మూడు పేర్ల కాగితాన్ని చాలాసేపు చూసి, వేళలు మీ ఇష్టం, తాళం మాత్రం నాది అన్నాడట. మూడున్నరకు పంపు వేయించడం వరకు రావుగారు సాధించారు. కానీ మోటారు సంగతి నాయన చెప్పిందే నిజమయింది, నాలుగో రోజుకే వేడెక్కి ఆగిపోయింది. రావుగారు మా గడప దగ్గరికి వచ్చి, "మస్తాన్ గారూ, మీరు ఒక చెయ్యి వెయ్యకపోతే నా పరువు పోతుందండీ," అన్నారు. నాయన ఆ మోటారును వర్క్‌షాపుకు తీసుకుపోయి, ఇంకొంచెం లావు తీగతో వైండింగ్ కట్టి తెచ్చి బిగించాడు. ఆ తరువాత మూడో అంతస్తుకు రెండు పూటలా నీళ్ళు అందాయి. రావుగారు గెలిచారు కాబట్టే నీళ్ళు వచ్చాయని భవనం అనుకుంది. నాయన కాదనలేదు.

ఆ ముప్పై నాలుగు మంది ఇంకో రెండేళ్ళు ఉన్నారు. సైట్ అయిపోయాక కంపెనీ వాళ్ళను వేరే క్యాంపుకు మార్చింది. ఇప్పుడు నేను లెక్కలు కట్టే భవనాల్లో నీటి వాటా ఫ్లాటుకు ఇంత అని కాక మనిషికి ఇంత అని వేస్తాను. ఫారంలో ఆ గడి ఉంది, లేకపోయినా నేను గీసుకుంటాను. పంపులు వాటంతట అవే నడుస్తాయి. నీళ్ళు రాకపోతే ఫోనులో ఒక బొత్తాం నొక్కి ఫిర్యాదు పెడతారు, ఎవరో వచ్చి బాగుచేసి పోతారు. ఇది అప్పటికంటే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. కాకపోతే పై అంతస్తులో ఎవరున్నారో తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ రాదు. నేను ఉండే భవనంలో నా పైన ఉన్నవాళ్ళ పేర్లు నాకు తెలియవు.

నాయన పోయి రెండేళ్ళయింది. పై అంతస్తు నుంచి తనకు ఎన్ని గింజలు పడ్డాయో ఆయన ఎన్నడూ లెక్కవేయలేదు. నేను వేశాను. కింది అంతస్తుల్లో ఓటు వేసినవాళ్ళు పదహారు మంది. వాళ్ళలో మొదటి ఎన్నిక ప్రకారం నాయనవాళ్ళెవరో, రావుగారివాళ్ళెవరో రాసుకుని చూస్తే, పైవాళ్ళలో పదిమందో పన్నెండుమందో మాత్రమే నాయనకు వేసి ఉండాలి. ఎవరి కోసం గెలిచింది వదులుకున్నాడో వాళ్ళలో ఎక్కువమంది వెయ్యలేదు. ఈ లెక్క నా దగ్గర ఇన్నేళ్ళుగా ఉంది. అందుకే ఆ పరిశీలన అయిన వారంలోనే పాత పరిచయాల ద్వారా గంగారాం నంబరు పట్టుకుని రూవి వెళ్ళాను. ఇళ్ళకు డబ్బు పంపే ఎక్స్‌ఛేంజీ వెనక సందులో, చిన్న హోటల్లో చాయ్ తాగాం. ఆయనకు తల మొత్తం నెరిసింది. వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చే నెలలో ఇంటికి పోతున్నాడు. నాయన పోయిన సంగతి చెబితే చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తరువాత ఆయనే ఆ డాబా సంగతి ఎత్తాడు. ఊళ్ళో ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తాను ఇక్కడే ఉన్నానని, ఒకసారి సెలవు మీద పోయి క్యూలో నిలబడితే ఊళ్ళో ఉండడం లేదని పేరు తీసేసి ఉందని చెప్పాడు.

"నా పాణంల ఏసింది ఒక్కటే ఓటు తమ్మీ. ఆ దుప్పటి ఎనుకాల."

ఇన్నేళ్ళు మోసిన ప్రశ్న అప్పుడు అడిగేశాను. ఏ బక్కెట్లో వేశావన్నా అన్నాను.

గంగారాం నన్ను చాలా ప్రేమగానే చూశాడు. మీ నాయిన అసోంటి మనిషి మల్ల దొరకడు అన్నాడు. చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా ఆయనే ఇచ్చి లేచాడు.

"గది మాత్రం జెప్ప," అన్నాడు. "అది నాది."